కథ చెప్పే మనిషే పాఠకుణ్ని మోసం చేయవచ్చా? థ్రిల్లర్ రాసేవాళ్లూ చదివేవాళ్లూ మీ మాట చెప్పండి

ఓరుగల్లు రాతగాడు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. హనుమకొండ, కాజీపేట నేపథ్యంగా ఒక సైకలాజికల్ థ్రిల్లర్ రాస్తున్నాను. కథ చెప్పేది 'నేను' అనే పాత్ర. అతను, అతని స్నేహితుడు కలిసి రిజిస్ట్రేషన్ లేని చిట్టీలు నడుపుతుంటారు. ఒక రాత్రి స్నేహితుడు సభ్యుల డబ్బుతో సహా మాయమవుతాడు. 'నేను' అతని కోసం వెతుకుతాడు, చిట్టీ కట్టినవాళ్లకు సమాధానం చెప్పుకుంటాడు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతాడు. స్నేహితుణ్ని చంపింది ఈ 'నేను'నే అని చివరి అధ్యాయాల్లో బయటపడుతుంది.

చిక్కంతా ఆ రాత్రిని ఎలా రాయాలన్న దగ్గరే వచ్చింది. రెండు రకాలుగా రాసి చూశాను.

మొదటిది: "రాత్రి పదింటికి వాణ్ని స్కూటర్ మీద కాజీపేట స్టేషన్‌కు తీసుకెళ్లాను. ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరం చాయ్ తాగాం. వాడు రైలెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఇంటికి వచ్చేశాను."

రెండోది: "రాత్రి పదింటికి వాణ్ని స్కూటర్ మీద కాజీపేట స్టేషన్‌కు తీసుకెళ్లాను. ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరం చాయ్ తాగాం. రైలు వచ్చింది. జనం ఎక్కారు. నేను ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయింది."

మొదటి దాంట్లో పచ్చి అబద్ధం ఉంది. రెండో దాంట్లో ప్రతి వాక్యమూ నిజమే, కానీ చదివినవాడు స్నేహితుడు రైలెక్కాడనే అనుకుంటాడు. నా మనసు రెండో దానివైపు మొగ్గుతోంది. మీరేమంటారు?

కాజీపేట జంక్షన్

రెండోదే బాగుంది. కానీ ఊరి మనిషిగా ఒక మాట. కాజీపేటలో 'రైలు వచ్చింది' అని రాసి వదిలేస్తే ఇక్కడివాళ్లు వెంటనే 'ఎటు వెళ్లే రైలు?' అని అడుగుతారు. సికింద్రాబాద్ వైపు ఒక దారి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా వైపు ఒక దారి, వరంగల్ మీదుగా విజయవాడ వైపు ఒక దారి. ఆ వివరం లేకపోతే పాఠకుడికి అక్కడే అనుమానం వస్తుంది. పోలీసులు కూడా మొదట అడిగేది అదే.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

నేను చదివినవాటిలో ఈ పనిని అందరికంటే శుభ్రంగా చేసింది అగాథా క్రిస్టీ. 1926లో వచ్చిన రోజర్ ఎక్రాయిడ్ హత్య నవలలో కథ చెప్పే డాక్టరే హంతకుడు. పుస్తకం వచ్చి దాదాపు వందేళ్లయింది కాబట్టి గుట్టు చెప్పేస్తున్నాను. ఆ డాక్టరు ఉత్తరాలు వచ్చిన సమయం చెబుతాడు, తాను గది వదిలి వెళ్లిన సమయం చెబుతాడు. రెండింటి మధ్య పది నిమిషాలు ఉన్నాయి. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పడు. మనం అడగం. అసలు ఖాళీ ఉందనే గమనించం. పుస్తకం పూర్తయ్యాక వెనక్కి వెళ్లి ఆ పేజీ తీస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అక్కడ అబద్ధం లేదు.

ఇది అన్యాయం అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మొదటి నియమం ఏమిటంటే, నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, కానీ ఎవరి ఆలోచనలను పాఠకుడు దగ్గరగా చూస్తూ వచ్చాడో ఆ మనిషి కాకూడదు. క్రిస్టీ మూడేళ్ల ముందే దాన్ని తోసిరాజని రాసింది. ఆమె పుస్తకం ఇవాళ్టికీ నిలబడే ఉంది.

రాతగాడు గారూ, మీ రెండో పేరా ఆ దారిలోనిదే. రెండోసారి చదివినప్పుడు ప్రతి వాక్యమూ నిలబడాలి. అదొక్కటే పరీక్ష.

పాత చందమామ (వరంగల్)

'ప్రతి వాక్యమూ నిజమే కాబట్టి మోసం కాదు' అనే వాదన మనకు కొత్తది కాదు. ధర్మరాజు సంగతి గుర్తుచేసుకోండి. ద్రోణుణ్ని ఆయుధం వదిలించడానికి భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపాడు. ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని బిగ్గరగా పలికి, ఏనుగు అన్న మాటను వినీ వినిపించకుండా అన్నాడు. వాక్యంలో అబద్ధం లేదు. అయినా భారతం ఆయన్ను వదిలిపెట్టలేదు. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలకు దిగిపోయింది. ద్రోణుడు నమ్మింది ఆ వాక్యాన్ని కాదు, ధర్మరాజును. పాఠకుడు కూడా 'నేను' అన్న గొంతునే నమ్ముతాడు. కాబట్టి రెండో పేరా మొదటి పేరాకంటే నీతిమంతమైనదేమీ కాదు. అయినా కథకు రెండోదే కావాలంటాను. మీ కథానాయకుడి రథం కూడా ఎక్కడో ఒకచోట నేలకు దిగిందని పాఠకుడికి తెలియాలి. అది ఏ అధ్యాయంలో జరుగుతుంది?

ఇంకొక మాట కూడా. బేతాళ కథల చట్రాన్ని చాలామంది మరిచిపోతారు. శవాన్ని తెమ్మని విక్రమార్కుణ్ని పంపిన భిక్షువే అసలు మోసగాడు. రాజును బలి ఇవ్వాలన్నది అతని పథకం. భయపెడుతూ, విసిగిస్తూ, ప్రశ్నలతో వేధించిన బేతాళుడే చివరికి ఆ పథకం బయటపెట్టి రాజును కాపాడతాడు. మనం ఎవరిని అనుమానిస్తూ వచ్చామో వాడే హితుడు, ఎవరికి మాట ఇచ్చామో వాడే హంతకుడు. మానసిక థ్రిల్లర్ మనకు ఎక్కడినుంచో దిగుమతి అయిందనుకోనక్కర్లేదు.

జగిత్యాల చదువరి

నా అభ్యంతరం వేరు, కొంచెం గట్టిగానే చెబుతాను. మా అమ్మ బీడీలు చుట్టి చిట్టీ కట్టింది. వెయ్యి బీడీల లెక్కన వచ్చే కూలిలోంచి నెలనెలా పక్కన పెట్టిన డబ్బు అది. చిట్టీ నడిపిన మనిషి ఒక రోజు ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు. మా వీధిలో అదే పరిస్థితి చాలా ఇళ్లలో.

ఇక్కడ ఇంతసేపూ పాఠకుణ్ని మోసం చేయవచ్చా అనే మాట్లాడుకున్నారు. మోసపోయినవాళ్లు ముందే కథలో ఉన్నారు కదా? రాతగాడు గారు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. రెండో అధ్యాయంలో చిట్టీ సభ్యులు వరండాలో నిలబడి అరుస్తారు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ కనిపించరు. కథ మొత్తం ఇద్దరు మగవాళ్ల మధ్య నడుస్తుంది. మంచీ చెడూ తేలని మనిషిని రాస్తున్నామని అనుకుంటూ, అతని చెడు ఎవరి మీద పడిందో వాళ్లను తెర వెనక్కి నెట్టేస్తే అది అతని తరఫు వాదన అవుతుంది, నవల కాదు. దయచేసి వాళ్లను వెనక్కి తీసుకురండి.

ఓరుగల్లు రాతగాడు (హనుమకొండ)

చదువరి గారూ, ఈ మాట నాకు చాలా అవసరమైనది. తర్వాతి అధ్యాయాల్లో ఏముందో చెబుతాను. డబ్బు 'నేను' చేతిలోనే ఉంటుంది. స్నేహితుడు దాంతో పారిపోబోతున్నాడని తెలిసి ఆపబోయి చంపుతాడు. ఆ తర్వాత ఆ డబ్బును కొంతమంది సభ్యులకు రహస్యంగా తిరిగి ఇస్తాడు, తన సొంత ఆస్తి అమ్మి ఇస్తున్నట్టు నటిస్తూ. అందుకే పాఠకుడు అతన్ని అసహ్యించుకోలేడని అనుకున్నాను.

జగిత్యాల చదువరి

'కొంతమంది' అంటే ఎవరు?

ఓరుగల్లు రాతగాడు (హనుమకొండ)

అది ఇంకా ఆలోచించలేదు.

జగిత్యాల చదువరి

అయితే మీ నవల అక్కడే ఉంది. అలాంటి మనిషి ముందు ఎవరికి ఇస్తాడో నేను చెబుతాను. గట్టిగా అరిచేవాళ్లకు ఇస్తాడు. పోలీసు స్టేషన్‌కు వెళ్లగలిగినవాళ్లకు, ఇంట్లో ఒక ఉద్యోగస్థుడు ఉన్నవాళ్లకు, పత్రికలవాళ్లు తెలిసినవాళ్లకు. తునికాకు కత్తిరిస్తూ గడప దగ్గర కూర్చునే ఆడవాళ్లకు ఇవ్వడు. 'తర్వాత ఇస్తాను పెద్దమ్మా' అంటాడు. ఆమె నమ్ముతుంది. అతను కూడా ఆ మాట అంటున్నప్పుడు తానే నమ్ముతాడు. అలాంటివాణ్ని నేను దగ్గరగా చూశాను, వాడు తనను తాను మంచివాడిగానే లెక్కవేసుకుంటాడు.

మనసు మాట (హనుమకొండ, మనస్తత్వశాస్త్రం చెబుతాను)

చదువరి గారు చెప్పినదే ఈ చర్చలో నాకు అన్నిటికంటే విలువైన మాట. పాఠకుణ్ని మోసం చేసే కథకుడు చాలా థ్రిల్లర్లలో ఉంటాడు. తనను తాను మోసం చేసుకునే కథకుడు అరుదు, రాయడం కష్టం కూడా. వాడు చెప్పే అబద్ధాన్ని పట్టుకోవడానికి సాక్ష్యం అక్కర్లేదు. వాడు ఏ మాట పదేపదే చెబుతున్నాడో, ఎవరి పేరు ఎత్తడం లేదో చూస్తే చాలు.

దీనికి ఆనుకుని ఒక విన్నపం. హంతకుడికి చివర్లో 'రెండు వ్యక్తిత్వాలు' అంటగట్టి, అందుకే అతనికే తెలియదని తేల్చేసే ముగింపు దయచేసి వద్దు. మానసిక రోగులందరూ ప్రమాదకరమైనవాళ్లనే భయాన్ని కథలు ఇప్పటికే కావలసినంత పెంచాయి. మామూలు మనిషి, మామూలు జ్ఞాపకశక్తి, మామూలు భయం చాలు.

జ్ఞాపకం అన్నాను కాబట్టి మీ కథకు పనికొచ్చే ఒక ప్రయోగం చెబుతాను. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొందరు విద్యార్థులకు కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించారు. తర్వాత కార్ల వేగం ఎంత అని అడిగారు. ఒక బృందాన్ని 'కార్లు గుద్దుకున్నప్పుడు' అని మామూలుగా, ఇంకొక బృందాన్ని 'కార్లు ఢీకొని నుజ్జయినప్పుడు' అన్న తీరులో అడిగారు. తీవ్రమైన మాట విన్నవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే, ఆ బృందంలో 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్న 50 మందిలో ఏడుగురు అన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు.

అంటే సాక్షి అబద్ధం చెప్పకుండానే తప్పు చెప్పగలడు. అడిగిన తీరే అతని జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. మీ కథకుడు మర్నాడు స్టేషన్‌కు వెళ్లి చాయ్ అమ్మే కుర్రవాణ్ని 'నిన్న మా వాడు రైలెక్కాడా?' అని అడగడు. 'మా వాడు ఏ బోగీ ఎక్కాడో చూశావా?' అని అడుగుతాడు. కుర్రవాడు ఆలోచిస్తాడు. ముందు జనరల్ బోగీ అంటాడు. రెండు రోజుల తర్వాత చొక్కా రంగు కూడా చెబుతాడు. పోలీసులు వచ్చేసరికి నిజాయితీగా ప్రమాణం చేసి చెప్పే సాక్షి సిద్ధంగా ఉంటాడు. మీ 'నేను' ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

ఇది హత్యకంటే భయంకరంగా ఉంది. నిజంగా. ఒక అమాయకుడి తలలోకి వెళ్లి లేని దృశ్యాన్ని పెట్టి రావడం! తర్వాత నిజం బయటపడితే పోలీసులు ముందు పట్టుకునేది ఆ కుర్రవాణ్నే.

సాక్షి సంతకం (కరీంనగర్, న్యాయవాది)

కోర్టులో సాక్షిని పిలిపించిన పక్షమే ఇలా జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగకూడదన్న నియమం సాక్ష్య చట్టంలో ఉన్నది ఇందుకే. ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే కోర్టు అనుమతి లేకుండా అలా అడగడం కుదరదు. ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగవచ్చు. కానీ ప్లాట్‌ఫామ్ మీద ఏ నియమమూ లేదు. సన్నివేశం బాగా నిలబడుతుంది.

మూడు అధ్యాయాల్లో చట్టం సంగతులు కొన్ని సరిచేయాలి. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయికి వ్యతిరేకంగా రుజువు కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ అంతే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అంతే. కాబట్టి సీఐ ముందు ఏడ్చి ఒప్పుకోవడంతో కేసు ముగిసిపోదు. ఇన్‌స్పెక్టరు నార్కో పరీక్ష చేయిస్తానని బెదిరించినట్టు రాశారు. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో స్పష్టంగా చెప్పింది. బెదిరించవచ్చు, కానీ మీ కథానాయకుడు తెలివైనవాడు, ఆ సంగతి అతనికి తెలిసి ఉంటుంది. ఇంకొకటి, దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాడి సంతకం తీసుకోకూడదు. మూడో అధ్యాయంలో అతను సంతకం పెడుతూ చెయ్యి వణికిన దృశ్యం ఉంది. దృశ్యం బాగుంది, కానీ తీసేయాలి.

మీ కథకుడికి అసలు ప్రమాదం 'చివరిసారి కలిసి కనిపించారు' అనే సూత్రంతో వస్తుంది. చివరగా ఎవరితో కనిపించాడో ఆ మనిషే తర్వాత ఏం జరిగిందో వివరణ ఇవ్వాల్సి వస్తుంది. అందుకే చాయ్ కుర్రవాడి సాక్ష్యం అతనికి ప్రాణాధారం.

కాజీపేట జంక్షన్

ఒక సందేహం. ఇంతా అయ్యాక, 'నేను' ఈ కథంతా ఎవరికి చెబుతున్నాడు? తనలో తానే అనుకుంటుంటే, తనకు తెలిసిన విషయాన్ని తన దగ్గరే ఎలా దాస్తాడు?

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

సరైన చోట పట్టుకున్నారు. క్రిస్టీ నవలలో డాక్టరు రాతప్రతి రాస్తున్నాడు, చదివేవాళ్లుంటారని తెలిసే రాస్తున్నాడు. అందుకే దాచడానికి అతనికి కారణం ఉంది. సినిమాల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హిచ్‌కాక్ 1950లో తీసిన స్టేజ్ ఫ్రైట్ మొదట్లోనే ఒక పాత్ర చెప్పిన అబద్ధాన్ని ఫ్లాష్‌బ్యాక్‌గా చూపించాడు. కళ్లతో చూసిందే అబద్ధమైతే ఎలా అని ప్రేక్షకులు నొచ్చుకున్నారు. ఆ పని చేయకుండా ఉండాల్సిందని తర్వాత ఆయనే అన్నాడు. మన 'ఎవరు' సినిమాలో, 2019లో, నిందితురాలు చెప్పే అబద్ధాలు అలాగే దృశ్యాలుగా వస్తాయి. ఎవరూ నొచ్చుకోలేదు. ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషి మొదటినుంచీ ఆమెను అనుమానిస్తూ నిజం చెప్పమంటున్నాడు. అనుమానించే హక్కు మనకూ దొరికింది. హిచ్‌కాక్ సినిమాలో ఆ తలుపు మూసి ఉంది.

పాత చందమామ (వరంగల్)

అయితే వినేవాళ్లు కథలోనే ఉండాలి. పోలీసులా?

మనసు మాట

పోలీసులకు చెప్పేటప్పుడు మనిషి జాగ్రత్తగా, పొడిగా చెబుతాడు. ఆ గొంతు మూడొందల పేజీలు విసిగిస్తుంది. ఎవరి క్షమ కావాలో వాళ్లకు చెప్పేటప్పుడే అందంగా అబద్ధం చెబుతాడు.

ఓరుగల్లు రాతగాడు (హనుమకొండ)

రాత్రంతా ఆలోచించాను. నవల మొత్తం అతను చిట్టీ సభ్యులకు రాసే ఉత్తరంగా మారుస్తున్నాను. డబ్బు ఎందుకు ఇవ్వలేకపోయానో వివరించడానికి మొదలుపెడతాడు. అందుకే స్నేహితుడు రైలెక్కినట్టు అనిపించాలి, అందుకే తన త్యాగాలు చెప్పుకుంటాడు. ఉత్తరం సాగేకొద్దీ 'మీరందరూ' అన్నది తగ్గి, డబ్బు అందని ఒక పెద్దమ్మను ఉద్దేశించి రాయడం మొదలవుతుంది. స్టేషన్ పేరా ఇలా మార్చాను:

"ఆ రాత్రి పదింటికి వాణ్ని కాజీపేట తీసుకెళ్లింది నేనే, ఈ మాట మీకు ఎవరైనా చెప్పేలోపు నేనే చెబుతున్నాను. బల్లార్షా వైపు వెళ్లే బండి ఆలస్యమైంది. చాయ్ తాగాం. వాడి చేతిలో ఆకుపచ్చ సంచి ఉంది, అందులో మీ డబ్బు ఉంది. బండి వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. నేను ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయింది. ఆ సంచిని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు."

సాక్షి సంతకం

సంచి బాగుంది. సంచి ఎక్కడికి వెళ్లిందో అతను చెప్పలేదు. చదివేవాడు రైలుతోపాటు వెళ్లిందనుకుంటాడు.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

చివరికి దొరుకుతాడా? నా మట్టుకు దొరకనక్కర్లేదు. పాట్రీషియా హైస్మిత్ 1955లో రాసిన నవలలో రిప్లీ అనేవాడు స్నేహితుణ్ని చంపి, అతని పేరుతో బతికి, దొంగ వీలునామాతో అతని ఆస్తి కూడా దక్కించుకుని తప్పించుకుంటాడు. చదువుతూ మనం అతను దొరకకూడదని కోరుకుంటాం. అలా కోరుకున్నామని తెలియడమే ఆ పుస్తకం వేసే శిక్ష, అది పాఠకుడికి పడుతుంది.

జగిత్యాల చదువరి

రిప్లీ సంగతి ఒప్పుకుంటాను, ఈ కథలో ఒప్పుకోను. అక్కడ చచ్చినవాడు డబ్బున్నవాడు. ఇక్కడ డబ్బు మా అమ్మలాంటివాళ్లది. అతను తప్పించుకోవాలని కోరుకునే పాఠకుడు ఆ పెద్దమ్మకు డబ్బు రాకపోయినా ఫరవాలేదనుకుంటున్నట్టే. అలాంటి పాఠకుణ్ని తయారుచేయాలంటే ఆ పెద్దమ్మ ముఖం అతనికి బాగా కనిపించాక తయారుచేయండి. కనిపించకముందు చేస్తే అది సులువైన పని.

జైలు వేయించమని అడగడం లేదు. ఉత్తరం ఆమెకు చేరాలి. ఆమె చదువుకోలేదు కాబట్టి మనవరాలు చదివి వినిపించాలి. చాయ్ కుర్రవాడి పేరా దగ్గరో, సంచి దగ్గరో ఆమె ఆపి ఒక ప్రశ్న అడగాలి. వింటూ వింటూ లెక్కలు వేసుకునేవాళ్లకు ఇలాంటివి ఇట్టే పట్టుబడతాయి. మా అమ్మకు చదువు రాదు, కానీ చిట్టీ పాటలో ఎవరు ఎంతకు ఎత్తారో పదేళ్ల తర్వాత కూడా చెప్పేది.

ఓరుగల్లు రాతగాడు (హనుమకొండ)

ఆ దృశ్యం రాస్తాను. కానీ చిట్టీ పుస్తకంలో ఆ ఇళ్లలో ఏమేమి రాసుకునేవాళ్లో నాకు సరిగా తెలియదు. ఫోర్‌మన్, అంటే చిట్టీ నడిపేవాడి కమిషన్ చట్టప్రకారం 5 శాతం నుంచి 2019 సవరణతో 7 శాతం అయిందని చదివాను, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఎంత పట్టుకునేవాళ్లు?

జగిత్యాల చదువరి

వాళ్ల ఇష్టం. మొదటి నెల చిట్టీ మొత్తం పాట లేకుండా నడిపేవాడిదే, తర్వాత ప్రతి పాటలోనూ కమిషన్. అమ్మ దగ్గర ఉన్న చిన్న పుస్తకం ఇంకా దాచి ఉంచాను. నెల, కట్టిన మొత్తం, పాటలో తగ్గింది ఎంత, పక్కన నడిపేవాడి పొట్టి సంతకం. చివరి నెలల్లో సంతకం బదులు అతని తమ్ముడు గీసిన అడ్డగీతలు ఉంటాయి. పేర్లు కనిపించకుండా రెండు పేజీలు రాసి పంపుతాను. రెండో అధ్యాయం వాటిని చూశాక మళ్లీ మొదలుపెట్టండి.